మా ఊసరవెల్లి గూటికి మొక్కలు వెతికిన కథ

కిరీటి రెట్టలో చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ ప్లాస్టిక్ ముక్క కనిపించిన రోజు పొద్దున్నే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. కిరీటి అంటే మా ఊసరవెల్లి. వెయిల్డ్ కెమీలియన్ అనే జాతి. నెత్తి మీద కిరీటంలా ఎత్తుగా ఒక ఎముక ఉంటుంది, అందుకని అక్క కూతురు ఆ పేరు పెట్టింది. బావ వాడి గూడు నిండా ప్లాస్టిక్ తీగలు వేలాడదీశాడు, చూడ్డానికి ఏదో హోటల్ రిసెప్షన్‌లా ఉండేది. వీడు వాటిని నిజం ఆకులనుకుని కొరుక్కు తిన్నాడు. ముక్క బయటికి వచ్చేసింది కాబట్టి బతికిపోయాం గానీ, అదే పేగులో అడ్డం పడి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. ఆ సాయంత్రమే తీగలన్నీ పీకి చెత్తబుట్టలో పడేశాను. పడేశాక చూస్తే గూట్లో నాలుగు కర్రలు, ఒక బల్బు, దాక్కోవడానికి చోటు లేక ఒళ్ళంతా నల్లగా మాడ్చుకుని కూర్చున్న కిరీటి.

వాడు మా ఇంటికి ఎలా వచ్చాడో ముందే చెప్పేస్తా, లేకపోతే ఏ కొండ మీంచో పట్టుకొచ్చాననుకుంటారు. మన వైపు పొదల్లో కనిపించే ఊసరవెల్లి వేరే జాతి, దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ముద్దొచ్చిందని ఇంటికి తెచ్చుకుంటే కేసే. వీడి జాతిది యెమెన్, దాని పక్కనే ఉన్న సౌదీ కొండలు. బెంగుళూరులో ఉండే బావ జర్మనీలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ 2024 నవంబరులో "నువ్వయితేనే చూసుకోగలవమ్మా" అని నా నెత్తిన పెట్టాడు. కాగితాలు కూడా పెట్టాడు, అది నయం. వన్యప్రాణి చట్టం పట్టీలో ఉన్న ఇలాంటి విదేశీ ప్రాణులు ఎవరి దగ్గరున్నా కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో నియమాలు వచ్చాయి, అవి చేతులు మారితే ఆ సంగతీ చెప్పాలి. ఆ పని ముగించుకునేసరికి నాకు అటవీ శాఖ వాళ్ళ వెబ్‌సైట్ మా ఆఫీసు వెబ్‌సైట్ కంటే బాగా అలవాటైపోయింది.

ప్లాస్టిక్ తీసేసి నిజం మొక్కలు పెడితే సరిపోతుంది కదా అనుకున్నాను. సరిపోతుంది, కానీ ఏ మొక్కలు? కుక్కో పిల్లో అయితే పడని మొక్కల్ని దానికి అందకుండా దూరంగా పెట్టుకోవచ్చు. వీడు మొక్క మీదే బతుకుతాడు, మొక్క మీదే పడుకుంటాడు. గిన్నెలో నీళ్ళు పెడితే కన్నెత్తి చూడడు, ఆకుల మీద నిలిచిన చుక్కల్నే నాలుకతో అందుకుంటాడు. అంటే ఆ ఆకు మీద ఏముంటే అది వాడి కడుపులోకి పోయినట్టే. పైగా ఊసరవెల్లుల్లో చాలా జాతులు పురుగులతోనే సరిపెట్టుకుంటాయి గానీ ఈ జాతి మాత్రం ఆకులూ పువ్వులూ బాగా తింటుంది. మడగాస్కర్ నుంచి వచ్చే పాంథర్ కెమీలియన్ని పెంచుకునే వాళ్ళకి ఈ బాధ కొంత తక్కువ. నాకు ఆ అదృష్టం లేదు.

ఫోన్‌లో వెతికి, ఇంగ్లీషు పేర్లతో ఒక పట్టీ రాసుకుని, ఆదివారం స్కూటీ వేసుకుని వైజాగ్ పెందుర్తి రోడ్డులో ఒక నర్సరీకి వెళ్ళాను. పట్టీలో మొదటిది అంబ్రెల్లా మొక్క. "అంబ్రెల్లా ఉందా బాబాయ్" అంటే "ఎందుకు లేదమ్మా" అని నీళ్ళ తొట్టి పక్కనుంచి ఒక కుండీ తెచ్చి పెట్టాడు. పొడుగు కాడలు, పైన గొడుగు ఊచల్లా విప్పారిన ఆకులు, బాగానే ఉంది. నూట ఇరవై ఇచ్చి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి చూసుకుంటే అది సైపరస్, అంటే మన తుంగ జాతి. నాకు కావాల్సింది షెఫ్లేరా, అది చేతివేళ్ళలా గుండ్రంగా ఆకులు పరిచే మొక్క, దాన్నీ గొడుగు మొక్కే అంటారు. తుంగ వల్ల ప్రమాదమేమీ లేదు గానీ కిరీటి ఎక్కితే కాడ వంగి వాణ్ణి నేల మీద దించేసేది. ఇప్పుడది అమ్మ బట్టలుతికే చోట పచ్చగా పెరుగుతోంది.

మనీ ప్లాంట్‌తోనూ ఇదే గొడవ. అదే నర్సరీలో ఒక వరసలో మనీ ప్లాంట్ అని రాసిన చోట మూడు రకాల మొక్కలున్నాయి. ఒకటి మనం ఇళ్ళల్లో సీసాల్లో పెంచుకునేది, ఒకటి బాణం ములుకులాంటి ఆకుల సింగోనియం, ఇంకొకటి ఫిలోడెండ్రాన్. ఇంగ్లీషు పేరుతో అడిగితే ఒకటిస్తాడు, తెలుగు పేరుతో అడిగితే ఇంకొకటి, శాస్త్రీయ నామం అడిగితే నా మొహం చూస్తాడు. ఫోన్‌లో ఫొటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడితే ఒకే మొక్కకి మూడుసార్లు మూడు పేర్లు చెప్పింది. అప్పుడు నా స్కూలు స్నేహితురాలికి ఫోన్ చేశాను, తను ఆంధ్రా యూనివర్సిటీలో బాటనీ చదివింది. మొక్కల ఫొటోలన్నీ తనకి పంపి, పేరు ఖాయం చేసుకున్నాకే కొనడం అప్పటి నుంచి మొదలు.

ఆ ఫోన్‌లోనే తను చెప్పిన ఒక ముక్క నాకు పట్టీలన్నిటి కంటే పనికొచ్చింది. "ఒసేయ్, పేరులో గన్నేరు అని వినబడితే దాని జోలికి పోకు. మనవాళ్ళు ఊరికే పెట్టలేదు ఆ పేర్లు." నిజమే. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు, నాలుగూ ఒకే కుటుంబం. గన్నేరు, పచ్చగన్నేరు గుండె మీద పనిచేసే విషాలు, అవి పల్లెల్లో అందరికీ తెలిసినవే. బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అని క్యాన్సర్ మందులు తీస్తారు, అరచేయంత ప్రాణికి అలాంటి ఆకు పెట్టడమేంటి. ఇబ్బంది ఏంటంటే ఇదే కుటుంబంలో పేరు మార్చుకుని తిరిగేవీ ఉన్నాయి. నందివర్ధనం అందులోదే. ఎడారి గులాబీ కూడా. దాంట్లో గన్నేరులో ఉన్నలాంటి విషమే ఉంటుంది.

సీతమ్మధారలో మా బాల్కనీకి ఒకసారి వచ్చి చూడండి. నందివర్ధనం రెండు కుండీలు, బిళ్ళగన్నేరు తెలుపొకటి గులాబీ రంగొకటి, మా అమ్మ మూడేళ్ళుగా బోన్సాయ్‌లా పెంచుకుంటున్న ఎడారి గులాబీ, మూలన డైఫెన్‌బాకియా, గోడ మీద క్రోటన్లు. తెలిసి ఎవరైనా పెట్టినా ఇంత బాగా కుదరదు. నేనేమో అప్పటి దాకా పొద్దున్న ఏడింటికి లేత ఎండ తగులుతుందని కిరీటిని తెచ్చి ఆ బాల్కనీలోనే కర్ర మీద వదులుతున్నాను. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వాడికి పనికిరాదు, ఎముకలకి కావాల్సిన యూవీబీ కిరణాల్ని అద్దం ఆపేస్తుంది కాబట్టి నేరుగా ఎండ తగలాలి. ఒకరోజు కాఫీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళొచ్చేసరికి వాడు కర్ర దిగి, గోడంచు మీద ఒక్కో అడుగే ఊగుతూ ఊగుతూ ఎడారి గులాబీ వైపు నడుస్తున్నాడు. ఎర్రటి పువ్వు మీద రెండు కళ్ళూ ఒకేసారి నిలిపాడు. వాడి కళ్ళు మామూలుగా తలోదిక్కు తిరుగుతుంటాయి, రెండూ ఒకచోట నిలిచాయంటే నాలుక బయటికి రాబోతోందని అర్థం. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు, వాణ్ణి మాత్రం పట్టుకున్నాను.

"ఏటే, ఆ తొండ కోసం నా మొక్కలు తీసీమంటావా?" అని అమ్మ. తొండ కాదమ్మా అని ఆ మధ్యే చెప్పడం మానేశాను. చివరికి రాజీ ఏంటంటే మొక్కలు బాల్కనీలోనే ఉంటాయి, కిరీటి ఎండ కాచుకోవడానికి మేడ మీదికి పోతాడు. రోజూ రెండంతస్తులు ఎక్కేది నేనే అనుకోండి.

ఇంకో గుర్తు పెట్టుకున్నాను, తుంచితే పాలు కారే మొక్కని అనుమానించడం. క్రోటన్లు, ముళ్ళకిరీటం లాంటి యుఫోర్బియాలు, జిల్లేడు ఇలాగే పట్టీలోంచి పోయాయి. ఉమ్మెత్త, తలంబ్రాల చెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, అవి పాలు లేకుండానే ప్రమాదం. కాబట్టి పాలు లేకపోతే మంచిదని కాదు, ఉంటే మాత్రం ఆగి చూడాలి.

అయితే మనీ ప్లాంట్ దగ్గర చాలా రోజులు తటపటాయించాను. ఊసరవెల్లుల్ని పెంచేవాళ్ళు దేశదేశాల్లోనూ ఎక్కువగా పెట్టే మొక్క అదే, కానీ కుక్కలకీ పిల్లులకీ పనికిరాని మొక్కల పట్టీల్లోనూ ఉంటుంది. ఎవర్ని నమ్మాలి? కారణం వెతికితే తెలిసింది, దాని ఆకుల్లో కాల్షియం ఆక్సలేట్ అని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కంద తరిగినప్పుడు చేతులు దురద పెట్టేది వాటివల్లే. కంద, చేమ, మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా అన్నీ ఒక్క కుటుంబమే. డైఫెన్‌బాకియా అయితే నమిలిన మనిషికి నాలుక వాచి మాట రాకుండా పోతుంది. మనీ ప్లాంట్ అంత ఘాటు కాదు, ఊసరవెల్లులు దాన్ని కొరికినా ఏమీ కాలేదని పెంచేవాళ్ళు చాలా ఏళ్ళుగా చెబుతున్నారు. షెఫ్లేరాలోనూ ఆ సూదులే ఉంటాయి, దాన్నీ వీళ్ళ జాతి లొట్టలేసుకుని తింటుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని మా స్నేహితురాలు నవ్వింది గానీ, నేను మాత్రం మొదటి నెల రోజులూ ఒక్క తీగే పెట్టి, ఎక్కడ కొరికాడు, నోరు రుద్దుకుంటున్నాడా, మర్నాడు తింటున్నాడా అని డైరీలో రాసుకున్నాను. రెండుసార్లు కొరికాడు. రుచి నచ్చినట్టు లేదు, మళ్ళీ ముట్టలేదు.

ఇక్కడి దాకా పట్టీల పనే. నిజానికి ఏ మొక్క మంచిది, ఏది చెడ్డది అన్నది సులువైన సగం, రెండు రోజులు కూర్చుంటే ఎవరికైనా తెలుస్తుంది. నాకు చెమటలు పట్టించింది మందారం.

మందారం గురించి ఎవ్వరికీ అభ్యంతరం లేదు, ఆకు తినొచ్చు, పువ్వు తినొచ్చు, అందరూ పెట్టమనే చెబుతారు. అదే నర్సరీకి మళ్ళీ వెళ్ళి ఎంచుకున్నాను. గుబురుగా ఉంది, ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి, ఒక్క పురుగు లేదు, పది మొగ్గలున్నాయి. డబ్బులివ్వబోతూ ఎందుకో కుండీలో మట్టి కదిపి చూశాను. ఆవాలంత గుండ్లు, కొన్ని బూడిద రంగువి, కొన్ని పసుపుపచ్చ పూసలు.

"ఇవేటి బాబాయ్?"

"ఆ పచ్చవి ఎరువమ్మా. ఇవి గుళికలు."

"మందా?"

"మందు లేకపోతే మందారం బతుకుతాదా? పిండినల్లి పట్టీసి వారం రోజుల్లో పోద్ది."

"ఏం మందు ఇది?"

"అదెవలికి తెలుసు, లారీలో దిగినప్పుడే ఏసుంటాయి."

ఆయన్ని తప్పుపట్టను. వైజాగ్ నర్సరీల్లో కనిపించే మొక్కల్లో చాలా వరకు కడియం వైపు నుంచి వచ్చినవే, ఇక్కడ అమ్మేవాళ్ళు పెంచినవి కావు. కొనేవాళ్ళు వరండాలో అందానికి పెట్టుకుంటారు, వాళ్ళకి మెరిసే ఆకు కావాలి. ఆ మొక్కని బల్లి జాతి ప్రాణి తింటుందని ఎవరూ ఊహించరు. ఊహించాల్సింది నేను. అప్పటికే నేను ఆకులు కడిగేస్తే చాలనే ధీమాలో ఉన్నాను. పైపైన కొట్టిన మందయితే కడిగితే కొంత పోతుంది. ఈ వేళ్ళ దగ్గర వేసే మందుల్లో కొన్ని మొక్కలోపలికి ఎక్కి ఆకులో, పువ్వులో, మకరందంలో కూడా ఉంటాయి, ఇమిడాక్లోప్రిడ్ లాంటివి కుండీల్లో నెలల తరబడి పనిచేస్తాయి. ఎన్ని బిందెల నీళ్ళు పోసి కడిగినా లోపలున్నది పోదు. కిరీటి నేరుగా ఆకు తినకపోయినా తప్పదు, వాడికి వేసిన కీచురాళ్ళు రెండు తప్పించుకుని ఆ ఆకులే తింటాయి, మర్నాడు వాటిని వీడు తింటాడు.

మందారం అక్కడే వదిలేసి వచ్చాను. ఆ రాత్రి లెక్కేసుకుంటే తేలింది ఏంటంటే, మంచి జాతి మొక్క నర్సరీది కంటే ఎవరింటి గోడ మీదో ఎవరూ పట్టించుకోని కొమ్మ మేలు. పిండినల్లి పట్టి, ఆకు చిల్లులు పడి ఉంటే ఇంకా మేలు, మందు లేదని పురుగే సాక్ష్యం.

కింద పోర్షన్ పిన్నిగారి పెరట్లో రేకమందారం ఉంది, ఎర్రది, నేను పుట్టకముందు నుంచీ ఉందట, 2014లో హుద్‌హుద్‌కి పడిపోయి మళ్ళీ మొదల్లోంచి చిగుర్చింది. మందు కొట్టారా పిన్నీ అంటే "దానికి మందెందుకే, అంట్లు తోమిన నీళ్ళు పోస్తే పూస్తది" అన్నారు. అంట్ల నీళ్ళంటే మళ్ళీ సబ్బు అని నాకు టెన్షన్, కానీ అది మొదట్లో పోసేది, మనకి కావాల్సింది పైన కొమ్మ. పెన్సిల్ మందం కొమ్మలు ఆరు కోసుకుని, కింది ఆకులు తీసేసి, ఇసుకా కోకోపీటూ (కొబ్బరి పొట్టు) కలిపిన కవర్లలో గుచ్చాను. నాలుగు బతికాయి. మనీ ప్లాంట్ కూడా అక్కడిదే, వాళ్ళ గోడ మీంచి మా మెట్ల మీదికి పాకింది. దొంగిలించి తెచ్చుకుంటేనే కలిసొస్తుందంటారు కాబట్టి దాని గురించి పిన్నిగారిని అడగలేదు, ఇది చదవరనే ధైర్యం.

షెఫ్లేరాకి మాత్రం కొమ్మ ఎక్కడా దొరకలేదు. వేరే నర్సరీలో డిసెంబరులో చిన్నది కొని, వేళ్ళకున్న మట్టంతా బకెట్ నీళ్ళలో జాడించి వదిలించి, ఎర్రమట్టీ కోకోపీటూ కొంచెం వర్మీకంపోస్టూ కలిపిన కొత్త కుండీలోకి మార్చి, కుండీ మీద మార్కర్‌తో తేదీ రాసి మేడ మీద నీడలో పెట్టాను. అది గూట్లోకి వెళ్ళింది ఏప్రిల్లో, నా దగ్గర వేసిన కొత్త ఆకులుంచి పాతవి గిల్లేశాక. నాలుగు నెలలు అంటే బావ వీడియో కాల్లో నవ్వాడు. తను వేలాడదీసిన ప్లాస్టిక్‌ని కిరీటి తిన్నది గుర్తు చేశాక నవ్వు ఆపాడు.

మధ్యలో ఒక పొరపాటు నేనే చేశాను, ఇది ఎవర్నీ అనడానికి లేదు. ఫిబ్రవరిలో స్నేహితురాలు వాళ్ళింటి నుంచి ఫైకస్ బెంజమీనా తెచ్చిచ్చింది, మందు తగలని మొక్క, మర్రి కుటుంబం. గూళ్ళల్లో పెట్టే మొక్కల్లో దీనికీ మంచి పేరే. పాలున్న మొక్క కదా అంటే, దీన్ని చాలామంది పెడతారు, మరీ విషం కాదని చెప్పింది. గూట్లో పట్టడం లేదని పైన రెండు కొమ్మలు కత్తెరతో కత్తిరించి, అలాగే లోపల పెట్టేశాను. కత్తిరించిన చోట తెల్లగా పాలు బొట్లు బొట్లుగా కారుతున్నాయని చూశాను కూడా, ఆరిపోతాయిలే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న కిరీటి ఎడమ కన్ను మూసుకుని ఉంది, కొమ్మకేసి రుద్దుకుంటున్నాడు. పగటి పూట ఊసరవెల్లి కన్ను మూసుకుని ఉందంటే ఏదో బాగోలేదనే. మన ఊళ్ళో కుక్కలకీ ఆవులకీ చూసే డాక్టర్లే ఎక్కువ, రెండు చోట్ల అడిగాక మూడో ఆయన చూస్తానన్నారు. సెలైన్‌తో కడిగి, చుక్కల మందు రాసిచ్చి, పాలు తగిలి మండి ఉంటుందన్నారు. మూడు రోజులు వాడు తిండి ముట్టలేదు, నేనూ సరిగ్గా తినలేదు. నాలుగో రోజు కన్ను తెరిచాడు. ఫైకస్ చెడ్డదని నేననను, కత్తిరించాక నాలుగు రోజులు బయట ఉంచి, కోసిన చోట కడిగి పెడితే ఏమీ కాదనే అంటారు. కానీ నా గూట్లోకి మాత్రం మళ్ళీ రాలేదు.

కొమ్మల విషయంలోనూ ఇదే గుర్తుంచుకున్నాను. ఎక్కడానికి అడ్డంగా నిలువుగా కర్రలు కావాలి కదా, మామిడి కొమ్మలు ఊరికే దొరుకుతాయి గానీ దాని సొన మనకే చర్మం పొక్కిస్తుంది, జీడిమామిడి అయితే ఇంకా అన్యాయం. జామ కొమ్మలు తెచ్చాను. నున్నగా ఉంటాయి, గట్టివి, వంకరలు బాగుంటాయి, వేలు మందం నుంచి బొటనవేలు మందం దాకా రకరకాలవి దొరుకుతాయి. బ్రష్‌తో రుద్ది కడిగి వారం ఎండబెడితే చాలు.

గూడు రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, నాలుగడుగుల ఎత్తు. గాజువాకలో అల్యూమినియం తలుపులు చేసే ఆయన దగ్గర నాలుగు వైపులా లోహపు జాలీతో చేయించాను. మొదట్లో ఫొటోల్లో చూసినట్టు అడవిలా నింపేద్దామని ఉత్సాహపడ్డాను. ఆ ఫొటోలన్నీ గాలి పొడిగా ఉండే ఊళ్ళవి, అక్కడ తేమ నిలబెట్టడానికి అన్ని మొక్కలు పెడతారు. మనకి తేమ అడక్కుండానే వస్తుంది, సముద్రం పక్కనే ఉన్నాం. జూన్‌లో ఐదు కుండీలు పెట్టి చూస్తే మధ్యాహ్నం దాకా ఆకులు ఆరలేదు, మట్టి మీద తెల్లగా బూజు, దాని మీద చిన్న చిన్న ఈగలు. రోజంతా తడిలో ఉంటే వీడికి ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. రెండు తీసేశాను. ఇప్పుడు మూడే, ఒక మూల గుబురుగా ఉంటే ఇంకో మూల ఖాళీగా గాలి ఆడేలా. నీళ్ళు తెల్లవారుజామున ఒకసారి, రాత్రి దీపాలార్పాక ఒకసారి చిమ్ముతాను, పగలు ఆరిపోవాలి. మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో చిమ్మితే ఆకుల మీద తెల్ల మచ్చలు కట్టి చివర్లు మాడుతున్నాయని తాగే నీళ్ళే వాడుతున్నాను. మే నెలలో హాల్లోనే ముప్పై మూడు ఉంటే ఎండ బల్బు ఎందుకు, ఆ నెల్లో చాలా రోజులు అది వెలిగించనే లేదు.

కుండీల్లో మట్టి కనపడకుండా పైన పెద్ద గులకరాళ్ళు పేర్చాను, వాడి నోట్లో పట్టనంత పెద్దవి. లేకపోతే కీచురాయి మీదికి నాలుక విసిరినప్పుడు మట్టీ, థర్మాకోల్ పూసల్లాంటి పెర్లైటూ కూడా పోతాయి. నేను పెర్లైట్ వాడడమే మానేశాను. కిరీటి మగవాడు కాబట్టి ఇంతటితో అయింది. వెనక కాళ్ళ మడమల మీద చిన్న ముల్లులాంటిది ఉంటే మగ. ఆడదయితే జతలేకపోయినా గుడ్లు పెడుతుంది, దానికి తవ్వుకోవడానికి అడుగు లోతు తడి ఇసుక తొట్టి కూడా పెట్టాలి, మొక్కల లెక్కంతా మారిపోతుంది.

మందారం లోపల పూయదు. పది రోజులు బాగుంటుంది, తర్వాత ఆకులు పసుపెక్కి రాల్చేస్తుంది, ఎంత లైటు పెట్టినా మేడ మీద ఎండ ముందు ఏ మూలకి. అందుకని నాలుగు కుండీలు వంతులేశాను. ఒకటి గూట్లో, మూడు మేడ మీద, పదేసి రోజులకి మార్పు. మనీ ప్లాంట్‌కి ఈ గొడవ లేదు, అది మసక వెలుతురులోనూ పాకుతుంది, ఆకు వెడల్పు కాబట్టి నీటి చుక్క బాగా నిలుస్తుంది, కిరీటి ఎక్కువగా నీళ్ళు తాగేది దాని మీదే. షెఫ్లేరా లేత చిగుళ్ళు వాడి టిఫిన్. మొదటి నెలలోనే పైభాగం బోడి చేసేశాడు, ఇంకోటి కొని మొన్న తేదీ రాసి మేడ మీద పెట్టాను, అది సంక్రాంతి దాకా ఆగాల్సిందే.

మేడ మీద మూడో కుండీలో నిన్న మందారం మొగ్గ విచ్చుకోబోతోంది. రేపు గూట్లో పెడదామని అనుకుంటుంటే అమ్మ పువ్వుల బుట్ట పట్టుకుని వచ్చింది. ఇది కిరీటిదమ్మా అన్నాను. "మందు కొట్టని పువ్వు దేవుడికి కాకుండా ఆ తొండ వెధవకా" అంది. రెండో మొగ్గ ఉంది కదా అని ఒప్పించాను, కానీ అది ఇంకా మూడు రోజులకి గానీ విచ్చేలా లేదు.